ఖాళీ గది కూడా అడుగుతుంది



పోయిన నెల మా పక్క గల్లీలో ఒక సోఫా ఇరుక్కుపోయింది. ఎల్ ఆకారం సోఫా, బూడిద రంగు గుడ్డ, బంగారు రంగు కాళ్ళు. డీసీఎం గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. అక్కడి నుంచి ఆరుగురు మోసుకొచ్చారు. ఇంటి తలుపు వెడల్పు మూడడుగులు. నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు, పోలేదు. చివరికి మిద్దె మీద నుంచి తాళ్ళు వేసి పైకి లాగారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కిటికీల్లోంచి ఆడవాళ్ళు చూస్తున్నారు. "డిజైనర్ సోఫా అంట, హైదరాబాద్ నుంచి తెప్పించారంట" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

ఆ సందట్లో ఒకాయన గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో సోఫాకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవరు. దాన్ని మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మడత పెడుతున్నాడు. తాడు కొంచెం జారినప్పుడల్లా ఆయన చెయ్యి తనంతట తానే పైకి లేస్తోంది. ఆయన దుల్హన్ అబ్బా.

దుల్హా చాచా నా పక్కనే ఉన్నాడు. "అల్హమ్దులిల్లాహ్, మేం ఏమీ అడగలేదు సాబ్. వాళ్ళే ఖుషీగా ఇస్తున్నారు" అన్నాడు.

ఇరవై ఏళ్ళకు పైగా అఖ్బారుల్లో పనిచేస్తున్నాను. షాదీల ఖబర్లు రాశాను, కోడళ్ళు కాలి చనిపోయిన ఖబర్లూ రాశాను. "మేం ఏమీ అడగలేదు" అన్న జుమ్లా రెండు చోట్లా విన్నాను.

అడగలేదు. సరే. కానీ ఆ మిద్దె మీద గదిని నేను చూశాను. నాలుగు నెలల కిందటే తయారైంది. పుట్టీ పెట్టారు, రంగులు వేశారు, ఫాల్స్ సీలింగ్ చేయించారు, ఏసీకి పాయింటు ఇచ్చారు. నేల మీద మాత్రం ఒక్క కుర్చీ లేదు. ఒక చాప లేదు. ఆ ఖాళీ గది ఫోటోలు అమ్మాయి వాళ్ళకి వాట్సాప్‌లో వెళ్ళాయి. "రూమ్ సైజు చూసుకోండి, తర్వాత ఇబ్బంది కాకూడదు కదా" అని కొలతలూ వెళ్ళాయి. "మా అబ్బాయికి లేత రంగులు పసంద్" అన్న కబురు కూడా ఫుప్పూ ద్వారా వెళ్ళింది. నోరు అడగలేదు భాయీ. గది అడిగింది.

ఈ మాట నేను మింబర్ ఎక్కి చెప్పడం లేదు. నా సంగతి ముందు చెప్పి, తర్వాతే మీ జోలికి వస్తాను.

నా నికాహ్ 2006 డిసెంబరులో కర్నూలులో అయింది. నికాహ్‌నామాలో మెహర్ 11 వేల రూపాయలు, అదీ ముఅజ్జల్, అంటే తర్వాత ఎప్పుడో ఇస్తానన్న వాయిదా. అదే షాదీలో నాకొచ్చిన పలంగ్ 22 వేలు. సింగార్‌దాన్, మూడు తలుపుల అల్మారీ, సోఫా సెట్టు కలిపితే 70 వేలు దాటింది. అది అప్పటి ఫ్యాషన్, గాజుపాలిష్ వేసినట్టు మెరిసే డిజైన్. మా మామగారిది సైకిల్ సామాన్ల దుకాణం. 40 నెలల చీటీ ఎత్తి ఇచ్చారు. నేను ఉర్దూ మీడియంలో చదివాను, డిగ్రీలో గురజాడ కన్యాశుల్కం చదివాను, ఆడపిల్లని అమ్మడం, కొనడం మీద పరీక్షలో పేజీలు పేజీలు రాశాను. ఆ పలంగ్ మీద మాత్రం హాయిగా పడుకున్నాను. "నేనేం అడగలేదు కదా" అని నాకు నేను చెప్పుకున్నాను.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర మా ఊళ్ళోకి వచ్చింది. కర్నూలు వాళ్ళకి ఆ రోజు గురించి వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళు తీశాక ఇంటికి వచ్చి చూస్తే నా పలంగ్ నానిన రొట్టెలా ఉబ్బి ఉంది. అల్మారీ తలుపు పట్టుకుంటే తునకలు తునకలుగా చేతిలోకి వచ్చింది. పైన మెరిసే కాగితం పొర, లోపల చెక్క పొట్టు, జిగురు. పార్టికల్ బోర్డు అంటే అదే. కలప తునకల్ని జిగురుతో కలిపి, వేడితో ఒత్తి చేస్తారు. పొడిగా ఉన్నంతసేపు పనిచేస్తుంది. నీళ్ళు లోపలికి దిగితే ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్ళీ మామూలు కాదు.

అదే ఇంట్లో మా దాదా చేయించిన సాగ్వాన్ తఖ్త్ ఉంది. అదీ మునిగింది. బురద కడిగి, నీడలో పది రోజులు ఆరబెట్టాం. ఒక కాలు కొంచెం వదులైతే వడ్రంగి మేకు కొట్టి బిగించాడు. ఈరోజుకీ ఉంది. ఆ తఖ్త్ మీదే దాదీ నమాజ్ చేసేది, పగలు దస్తర్‌ఖ్వాన్ పరిచేవాళ్ళు, రాత్రి మేం ముగ్గురం పడుకునేవాళ్ళం, మెహమాన్లు వస్తే చాదర్ మార్చి కూర్చోబెట్టేవాళ్ళం. దాదా దాన్ని షాదీకి ముందు తన జీతంతో తానే చేయించాడట. "దుల్హన్ వచ్చేసరికి ఇంట్లో కూర్చోవడానికి జాగా ఉండాలి కదా" అనేవాడట. ఈ తేడా నాకు తెలియడానికి నది ఇంట్లోకి రావాల్సి వచ్చింది.

వరద వచ్చేనాటికి మా మామగారి చీటీ ఇంకా ఆరు నెలలు మిగిలి ఉంది. పలంగ్ చెత్తకుప్పలోకి పోయింది. ఆయన నెలనెలా కడుతూనే ఉన్నారు. ఒక్కసారి కూడా నాతో ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నా మెడ వంచింది.

ఇక మన దగ్గర వినిపించే దలీళ్ళు చూద్దాం.

మొదటిది, జహేజ్-ఎ-ఫాతిమీ. "రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం తన బేటీకి ఇచ్చారు, కాబట్టి ఇది సున్నత్" అంటారు. ఏం ఇచ్చారో కూడా చెప్పండి మరి. రివాయత్‌లలో ఉన్నవి ఒక దళసరి దుప్పటి, ఒక నీళ్ళ తోలుసంచి, గడ్డి కూరిన ఒక తోలు తకియా. ఇంకో సంగతి కూడా పూర్తిగా చెప్పండి. హజ్రత్ అలీ రజియల్లాహు అన్హు దగ్గర మెహర్‌కి ఇవ్వడానికి ఇంకేమీ లేక తన జిరహ్‌ని, యుద్ధంలో తొడుక్కునే కవచాన్ని, ఇచ్చారు. పైగా ఆయన చిన్నప్పటి నుంచి హుజూర్ ఇంట్లోనే పెరిగారు. అంటే ఇక్కడ దుల్హా తరఫు పెద్ద కూడా హుజూరే. ఆ వాఖియా నుంచి మగవాడు తన కవచం వదులుకున్న భాగం మనం మరిచిపోయాం. తకియా ఒక్కటి గుర్తుపెట్టుకుని దాన్ని ఎల్ ఆకారం సోఫా దాకా పెంచాం.

రెండోది, "ఇది హదియా, తోహ్ఫా" అన్న మాట. తోహ్ఫాకి కొలతలు పంపుతారా? రంగు చెప్తారా? తోహ్ఫా రాకపోతే కోడలికి ఆర్నెల్లు సూటిపోటి మాటలుంటాయా? భార్యకి తిండి, బట్ట, ఉండటానికి జాగా మగవాడి జిమ్మేదారీ అని మన ఫిఖ్ కితాబులు చెప్తాయి. మెహర్ ఖుషీగా ఇవ్వమని సూరా నిసా 4వ ఆయత్ మగవాళ్ళనే హుకుం చేస్తుంది. మన దేశపు చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. 1961 వరకట్న నిషేధ చట్టం మన మెహర్‌ని కట్నం లెక్కలోంచి పేరు పెట్టి మినహాయించింది. సర్కారుకి తెలిసిన తేడా మనకి తెలియదా?

మూడోది, "అమ్మాయి వాడుకునేదే కదా, ఆమెదే కదా" అన్న మాట. బాగుంది. ఆ సోఫా ఏ గదిలో ఉంటుంది? మెహమాన్లు కూర్చునే దీవాన్‌ఖానాలో. దాని మీద ఆమె ఎంతసేపు కూర్చుంటుంది? చాయ్ ట్రే పట్టుకుని వచ్చి వెళ్ళేంతసేపు. ఖుదా న ఖాస్తా ఖులానో తలాఖో అయితే అది వెనక్కి వస్తుందా? నేను చూసిన పంచాయితీల్లో సామాన్ వెనక్కి అడిగితే వచ్చింది చిరిగిన పరుపు, ఒక కాలు లేని సింగార్‌దాన్. అవే డబ్బులు ఆమె పేరు మీద బ్యాంకులో ఉంటే, బంగారంగా ఆమె చేతిలో ఉంటే, ఒక కుట్టుమిషను కొట్టుగా ఉంటే, విలువ నిలిచేది. సోఫా విలువ దుకాణం గడప దాటిన రోజు నుంచే పడిపోతుంది.

నేను నయా జమానాకి దుష్మన్‌ని కాను. 2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన మొదటి దుకాణాన్ని హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరిచినప్పుడు నేనూ పోయి చూశాను. అక్కడ నాకు నచ్చింది ఒక తరీఖా. బల్ల ముక్కలు ముక్కలుగా డబ్బాలో ఉంటుంది. భార్యాభర్తలు తమ డబ్బుతో కొని, తమ ఇంటికి తెచ్చి, తామే బిగించుకోవచ్చు. ఈ నెల బల్ల, ఆర్నెల్ల తర్వాత అర. మోడరన్ హోమ్ అంటే ఆ ఇద్దరి కష్టార్జితం అన్నమాట. మనం ఆ ఫర్నిచర్ రూపం మాత్రం ఫోన్లో ఫోటో తీసుకున్నాం, అమ్మాయి అబ్బాకి పంపించాం. ఆ ఆదత్ మాత్రం అక్కడే వదిలేశాం.

ఈ మధ్య ఫిహ్రిస్తులోకి బాత్‌రూమ్ కూడా వచ్చింది. మునుపు గీజరుతో ఆగేది. ఇప్పుడు వానిటీ, లైట్లున్న అద్దం, గాజు పార్టిషన్, గోడకి వేలాడే కమోడ్. "అటాచ్డ్ బాత్‌రూమ్ మీ అమ్మాయి కోసమే, మీ ఇష్టం వచ్చినట్టు చేయించుకోండి" అని ఒక ఖాందాన్ వాళ్ళు సమధీకి చెప్పడం నా చెవులతో విన్నాను. ఎంత మర్యాదగా అడిగారో చూడండి! పక్కవాడి డబ్బుతో మన ఇల్లు కట్టుకోవడానికి ఇంత నఫాసత్ ఉన్న జుమ్లా ఇంకోటి దొరకదు.

అయితే నా బాత్‌రూమ్‌ని ఎవరి డబ్బుతోనూ చేయించలేదు. నా సొంత డబ్బుతోనే చేయించాను, రెండేళ్ళ కిందట, 2 లక్షల 80 వేలు పెట్టి. దిఖావా కోసం ఎప్పుడూ పరాయి వాళ్ళనే దోచుకుంటామని లేదు. ఒక్కోసారి మన అమ్మీనే దోచుకుంటాం.

అంతకు ముందు మా గుసల్‌ఖానాలో బేతంచెర్ల బండలు ఉండేవి. గరుకుగా, కాలు పట్టి నిలిచేలా. గోడకి మోకాలెత్తులో ఒక ట్యాపు, దాని ముందు చెక్క చౌకీ. అమ్మీ ఆ చౌకీ మీద కూర్చుని, బద్నాలో నీళ్ళు పట్టుకుని, తీరిగ్గా వుజూ చేసుకునేది. డిజైనర్ కుర్రాడు వచ్చాడు, మంచివాడే. "అంకుల్, ఈ కింది ట్యాప్ లుక్ పాడుచేస్తుంది" అన్నాడు. తీసేశాం. చౌకీ మిద్దె మీదకి పోయింది. బండల మీద అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వచ్చాయి. బల్ల మీద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టు ఒక బేసిన్ వచ్చింది, నా నడుం కంటే ఎత్తు. టవల్ వేసుకోవడానికి బంగారు రంగు రాడ్. చూసిన వాళ్ళంతా "మాషా అల్లాహ్, ఫైవ్ స్టార్ హోటల్‌లా ఉంది" అన్నారు. నేను ఉబ్బిపోయాను, నా పాత పలంగ్ లాగానే.

ఆ బేసిన్ దగ్గర కాళ్ళు ఎలా కడుక్కోవాలి? ఈ సవాల్ మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు. నేనైతే కాలు ఎత్తి పెట్టగలను. 72 ఏళ్ళ అమ్మీ ఎక్కడ పెట్టాలి?

రమజాన్‌కి ఇరవై రోజులుందనగా, ఫజర్ వుజూకి లేచింది. మొహం, చేతులు బేసిన్‌లో కడుక్కుంది. కాళ్ళు కడుక్కోవడానికి షవర్ కింద నిలబడింది. టైల్ మీద రాత్రి సబ్బు జిగట ఉందేమో, జారింది. రాడ్ పట్టుకుంది. టవల్ రాడ్ టవల్‌ని మోయడానికి చేసింది, మనిషిని మోయడానికి కాదు. రెండు స్క్రూలతో సహా గోడలోంచి ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయింది. ఆ రమజాన్ అంతా ఆమె పడుకునే ఇషారాలతో నమాజ్ చేసింది. ఒక రోజు నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఉంటే అంది: "బాత్‌రూమ్ చాలా ఖూబ్‌సూరత్‌గా చేయించావు బేటా. నాకే వాడటం రాలేదు."

భాయియో, బెహనో, ఆ మాట మీ అమ్మీ మీతో అనే రోజు రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇంకో సంగతి తర్వాత బయటపడింది. మన వైపు నుంచి ఖిబ్లా పడమర, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. మన హనఫీ మస్లక్‌లో నాలుగు గోడల మధ్యనైనా హాజత్‌కి కూర్చున్నప్పుడు ఖిబ్లాకి ముఖమో వీపో ఉండటం మనా. మా కొత్త కమోడ్ సరిగ్గా పడమర ముఖం పెట్టి కూర్చుంది. డిజైనర్ కుర్రాడు నాలుగు సార్లు వాస్తు గురించి అడిగాడు, పాపం, అందరూ అదే చెప్తారు కాబట్టి. ఖిబ్లా సంగతి అతనికెలా తెలుస్తుంది? చెప్పాల్సింది నేను. నేను టైల్ రంగు ఎంచుకోవడంలో మునిగి ఉన్నాను. మామూలు కమోడ్ అయితే తిప్పడం కొంత సులువు. గోడకి వేలాడే దానికి ఇనుప ఫ్రేమూ, నీళ్ళ ట్యాంకూ గోడ లోపలే ఉంటాయి. తిప్పాలంటే గోడ పగలాల్సిందే. షామ్ దేశానికి పోయినప్పుడు అక్కడి బైతుల్‌ఖలాలు ఖిబ్లా వైపు కట్టి ఉన్నాయనీ, తాము పక్కకి తిరిగి కూర్చుని ఇస్తిగ్‌ఫార్ చేసుకునేవాళ్ళమనీ హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ చెప్పిన రివాయత్ బుఖారీలో ఉంది. వాళ్ళవి పరాయివాళ్ళు కట్టినవి. మనం మన డబ్బిచ్చి, మన ఇంట్లో, దగ్గరుండి కట్టించుకున్నాం.

నీళ్ళ సంగతీ చూడండి. హుజూర్ ఒక ముద్ నీళ్ళతో వుజూ, ఒక సాఅ్ నుంచి ఐదు ముద్‌ల నీళ్ళతో గుసుల్ చేసేవారని సహీ హదీసుల్లో ఉంది. ముద్ అంటే రెండు చేతులూ కలిపిన ఒక దోసిలి, లీటరు కంటే తక్కువ. మా కొత్త ట్యాపు కింద బకెట్ పెట్టి కొలిచాను. నిమిషానికి ఎనిమిది లీటర్లు. మూడు నిమిషాల వుజూకి 24 లీటర్లు. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడే ఊళ్ళు మనవి. అమ్మీ బద్నా వుజూలో ఇస్రాఫ్ లేదు, ఫైవ్ స్టార్ ట్యాపు వుజూలో ఉంది.

పాతది ప్రతిదీ మంచిదని నేను అనడం లేదు. కమోడ్ పక్కన ఉండే జెట్ స్ప్రే నయా జమానా ఇచ్చిన నేమత్. 2020లో కరోనా మొదలైనప్పుడు అమెరికాలో టాయిలెట్ పేపరు దొరక్క, జనం నీళ్ళతో కడుక్కునే పరికరాలు కొనుక్కున్నారు. తహారత్ మనకి చిన్నప్పుడే నేర్పారు. కింద కూర్చోలేని పెద్దవాళ్ళకి కమోడ్ కూడా నేమతే. మంచి డిజైన్ అంటే మనిషి కష్టాన్ని తగ్గించేది. నా బాత్‌రూమ్‌లో డిజైన్ అంతా చూసేవాళ్ళ కళ్ళకి చేసింది, వాడేవాళ్ళ కాళ్ళకి ఏమీ చేయలేదు.

ఆ బాత్‌రూమ్‌ని మళ్ళీ పగలగొట్టించాను. ఈసారి అమ్మీని వాకర్‌తో తెచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, ఆమెని అడిగి చేయించాను. మీరు కట్టుకుంటున్నా, మార్పించుకుంటున్నా ఈ కొన్ని యాద్ పెట్టుకోండి.

నేలకి గరుకు టైలే అడగండి. దుకాణంలో ఆర్9 నుంచి ఆర్13 దాకా లెక్క ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కాలికి పట్టు పెరుగుతుంది. తడి నేలకి ఆర్10, ఆర్11 చూడండి. లేదా పాలిష్ లేని తాండూరు, కడప బండలు వేయించండి. మన ఇళ్ళలో తాతల నుంచీ ఉన్నవే.

మోకాలెత్తులో ఒక ట్యాపు, దాని ముందు చౌకీ పట్టేంత జాగా. వుజూకి ఇంతకంటే మంచి డిజైన్ నేను ఏ షోరూమ్‌లోనూ చూడలేదు.

కమోడ్ పక్కనా, స్నానం దగ్గరా పట్టుకునే కడ్డీలు. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, గట్టి గోడలోకి లోతుగా దిగిన బోల్టులతో. టవల్ రాడ్‌ని కడ్డీ అనుకోకండి.

ఖిబ్లా ఎటో కాగితం మీద గీసి మేస్త్రీకి మొదటి రోజే ఇవ్వండి. కమోడ్ ముఖం ఉత్తరమో దక్షిణమో ఉండేట్టు చూడండి.

తలుపు వాకర్ పట్టేంత వెడల్పు ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపు తెరవలేం. ఇది నాకు ఆ ఫజర్ నేర్పింది.

ఇక అల్మారీలు, బల్లలు మీ సొంత కమాయీతో చేయించుకునేటప్పుడు ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 ఎంఆర్ అంటే గాలిలో తేమని తట్టుకునేది, పొడి గదులకి. ఐఎస్ 710 అంటే నీళ్ళని తట్టుకునేది, వంటింటికి, బాత్‌రూమ్‌కి. పైన మెరుపు రెండింటికీ ఒకటే. అడగకపోతే లోపల ఏముందో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు మాట. ఇది రాయడానికి భయపడ్డాను, ఎందుకంటే ఇది మా ఇంటి మాట.

మా ఆపా కొడుక్కి రిష్తా కుదిరింది. ఈద్ తర్వాత నికాహ్. అమ్మాయి అబ్బా ఆటో నడుపుతాడు, ఇంకా ఇద్దరు కూతుళ్ళున్నారు. ఆపా ఇంట్లో పై గదికి రంగులు వేశారు, లైట్లు పెట్టారు. గది ఖాళీగా ఉంది. నేను వెళ్ళి చూసి, "ఇదేంటి ఆపా, పలంగ్ ఏది?" అన్నాను. ఆపా నా కళ్ళలోకి చూడకుండా, "మేం ఏమీ అడగలేదు" అంది.

"ఆపా, వీడికి నౌకరీ ఉంది. ఒక పలంగ్, ఒక అల్మారీ మనం కొని ఆ గదిలో పెడదాం, దాని ఫోటో వాళ్ళకి పంపుదాం" అన్నాను. ఆ ఒక్క ఫోటో చూస్తే ఆ ఆటో అన్న గుండె మీంచి ఎంత బరువు దిగుతుందో నాకు తెలుసు. ఆపా గట్టిగానే అంది: "నీ షాదీలో అన్నీ తీసుకున్నావు, ఇప్పుడు నా కొడుకు దగ్గరికి వచ్చి దీన్ చెప్తున్నావా?"

ఆమె అన్నది సచ్చీ మాట. నా దగ్గర జవాబు లేదు. మూడు వారాలైంది, ఆపా నాతో మాట్లాడటం లేదు. మీలో ఎవరైనా ఇలా చెప్పాలనుకుంటే ఇదే ఎదురవుతుంది, తయారుగా ఉండండి. తీసుకున్న వాళ్ళే ఇప్పుడు మాట్లాడాలి, ఎందుకంటే మన తరంలో తీసుకోని వాళ్ళు ఎంతమంది? నేను 11 వేల మెహర్‌ని 19 ఏళ్ళ తర్వాత, సిగ్గుపడుతూ, ఇంకొంత కలిపి, మొన్న మొన్ననే బీవీ చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టి, "అబ్బా ఉన్నప్పుడు ఇచ్చి ఉంటే ఖుష్ అయ్యేవాడు" అంది. మామగారు పోయి నాలుగేళ్ళు.

అందుకే కొడుకులున్న ఖాందాన్లకి నా గుజారిష్ ఇంతే. ఖాళీ గది చూపించకండి. రిష్తా మాట్లాడటానికి వెళ్ళే ముందే ఆ గదిలో పలంగ్ ఉండాలి, చిన్నదైనా, పాతదైనా, మీ డబ్బుతో కొన్నదై ఉండాలి. రుఖ్ఖా కార్డు మీద "సామాన్ తీసుకోబడదు" అని ఒక్క లైను అచ్చు వేయించండి, గల్లీ అంతా చదువుతుంది. మస్జిద్ కమిటీల సదర్‌లు, ఖతీబ్ సాబ్‌లు డీసీఎం నుంచి సామాన్ దిగే ఇంటి నికాహ్ ఖుత్బాలో సాదగీ గురించి మాట్లాడి, అదే ఇంట్లో బిర్యానీ తిని రావడం ఆపాలి. నౌజవానులారా, మీ అమ్మీ అడగలేదని తప్పించుకోకండి. మీ గది ఖాళీగా ఉందంటే అడిగింది మీరే.

నిన్న ఇషా తర్వాత ఆపా కొడుకు ఫోన్ చేశాడు. ఇంట్లో ఎవరికీ వినపడకుండా, మిద్దె మీద నుంచి అనుకుంటా, మెల్లగా అడిగాడు.

"మామూ, సాగ్వాన్ పలంగ్ ఎంత పడుతుంది?"

నేను ధర చెప్పలేదు. "దాదా తఖ్త్ ఉంది, ఆదివారం వచ్చి తీసుకుపో. మిగతాది ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను.

ఖుదా హాఫిజ్.